వెయ్యి లోపు వైన్‌కి మన మార్కులు మనమే వేసుకోవడం: సోలాపూర్ నుంచి ఒక జవాబు

దత్త నగర్ తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. గోవా వెళ్లినప్పుడు అక్కడి సూపర్‌మార్కెట్లో వైన్లు వరుసగా పేర్చి ఉంటే చూసి, ఎనిమిది వందల చిల్లర పెట్టి ఒక తెల్ల వైన్ కొన్నారట. అక్కడే తాగితే బ్రహ్మాండంగా ఉంది. అదే పేరు, అదే రకం ఇక్కడ సోలాపూర్‌లో కొంటే చప్పగా, కాస్త చేదుగా అనిపించింది. తేడా నాలుకదా, వైన్‌దా? వెయ్యి రూపాయల లోపు సీసాలకు సొంతంగా మార్కులు వేసుకోవాలంటే ఏదైనా కోర్సు చేయాలా? ఇంట్లోవాళ్లకి పోర్ట్ అనే తియ్యటి వైన్ తప్ప ఇంకేదీ నచ్చడం లేదు, ఏం చేయాలి? తెరిచిన సీసా ఎన్నాళ్లుంటుంది? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ నాలుకకు ఏమీ కాలేదు. చాలామటుకు తేడా వేడిది. నేను సోలాపూర్‌లోనే పుట్టి పెరిగాను. చాలా ఏళ్లుగా చవక వైన్లు రుచి చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడం నా అలవాటు. నేను గట్టిగా చెప్పే మాట ఇదే: మన ఊళ్లో మార్కులు కంపెనీకి కాదు, చేతిలో ఉన్న సీసాకే వేస్తున్నాం. ఆ సీసా గిడ్డంగిలో ఎన్ని నెలలు ఉంది, ఏ ఎండలో లారీ ఎక్కింది, కొట్లో ఏ అరలో నిలబడింది, ఇవన్నీ గ్లాసులోకి వస్తాయి. ఈ సంగతి పక్కన పెట్టి పులుపు, టానిన్ (వగరునిచ్చే పదార్థం) అని ఎంత రాసుకున్నా ఆ మార్కులు నిలవవు.

వైన్ హాయిగా ఉండేది 12 నుంచి 15 డిగ్రీల మధ్య. మనకి ఏప్రిల్, మే నెలల్లో 42, 43 మామూలే. ఆ వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది. తర్వాత చల్లబడినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. పండు వాసన ముందు ఉడికిన జామ్ వాసనగా మారి, ఆ తర్వాత పూర్తిగా పోతుంది. తెల్ల వైన్ లేత పసుపు నుంచి ముదురు పసుపుకి తిరుగుతుంది. తాగితే మీరు చెప్పిన చప్పదనమే, చివర్లో చేదు. గోవా సూపర్‌మార్కెట్లో ఏసీ ఉంటుంది, పర్యాటకులు కొంటూ ఉంటారు కాబట్టి సరుకు త్వరగా కదులుతుంది. బ్రిటన్‌లో టెస్కో, లిడ్ల్, ఆల్డీ లాంటి సూపర్‌మార్కెట్లలో చవక వైన్‌కి మార్కులు వేసేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ఆ సంస్థల తరఫున కొనుగోలు చేసేవాళ్లు ముందే రుచి చూసి, బాగాలేనిదాన్ని అర దాకా రానివ్వరు. మన దగ్గర ఆ పని మనమే చేసుకోవాలి. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం వెయ్యి చదరపు అడుగులు దాటిన సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి ఒప్పుకుంది. అన్నా హజారే నిరాహార దీక్షకు దిగుతానన్నారు, గట్టి వ్యతిరేకత వచ్చింది, అది అమలు దాకా రాలేదు. కాబట్టి మనకు దిక్కు వైన్ షాపే.

అందుకే రుచి కంటే ముందు కొట్టుకు మార్కులు వేయండి. వైన్ సీసాలు విస్కీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద, వీధి వైపు అద్దంలో నిలబడి ఉంటే ఆ కొట్లో కొనకండి. రోజే అనే గులాబీ రంగు వైన్ ఎక్కువగా రంగులేని గాజు సీసాలో వస్తుంది, వెలుతురికి అది తొందరగా చెడుతుంది. ఉడికించిన క్యాబేజీ వాసన వస్తే కారణం అదే. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే కొట్టు, లేదా ఏసీ రోజంతా నడిచే కొట్టు ఒకటి వెతుక్కోండి. దుకాణదారుతో మాట కలపండి, "కొత్త పెట్టె ఎప్పుడొస్తుంది సేఠ్?" అని అడగండి. వైన్ అడిగేవాళ్లు తక్కువ కాబట్టి గుర్తుపెట్టుకుంటారు, కొత్త సరుకు రాగానే చెప్తారు కూడా. సీసా చేతిలోకి తీసుకున్నాక మూత చుట్టూ వేలితో తడమండి. జిగటగా తగిలినా, బిరడా ఉబ్బి కవరు పైకి లేచినా పక్కన పెట్టేయండి. మెడ దగ్గర వైన్ మట్టం మిగతా సీసాల కంటే కిందికి ఉన్నా అంతే.

వెనక లేబుల్ చదవడం తప్పనిసరి. మన దగ్గర ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు, రైతులు ఏప్రిల్ ఛాటణీ, అక్టోబర్ ఛాటణీ అంటారు. వైన్ ద్రాక్ష కోత ఇంచుమించు జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. యూరప్‌లో అయితే కోత శరదృతువులో. అంటే లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా మన వైన్ వాళ్లదాని కంటే ఆరేడు నెలలు పెద్దది. వెయ్యి లోపు తెల్ల వైన్, రోజే వైన్ దాచుకునేవి కావు. కోత సంవత్సరం, సీసాలో నింపిన నెల రెండూ చూసి అన్నిటికంటే కొత్తది తీసుకోండి. నా మటుకు నేను వానలు మొదలయ్యాక, వేసవిని చూడని సీసాలు వచ్చినప్పుడు తెల్ల వైన్లు కొంటాను. ఎర్రవి ఇంకో ఏడాది ఓర్చుకుంటాయి.

ఇదే బడ్జెట్‌లో దిగుమతి సరుకు జోలికి వెళ్లొద్దు. విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం చాలా ఏళ్లు 150 శాతం ఉంటూ వచ్చింది. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చాక ఐదు డాలర్లు దాటిన వాళ్ల సీసాలకు మాత్రం మొదట 100కి, పదిహేను డాలర్లు దాటితే 75కి దిగింది. దాని మీద రాష్ట్ర పన్నులు, రవాణా, కొట్టు లాభం. ఇక్కడ పదిహేను వందలు పెట్టి కొనే విదేశీ సీసా సొంత దేశంలో అట్టడుగు అరలో ఉండేదే. మహారాష్ట్రలో తయారైన వైన్‌కేమో 2001 నాటి ద్రాక్ష విధానం నుంచీ పన్ను రాయితీలు ఉన్నాయి. అంటే మన ఎనిమిది వందల్లో ద్రాక్షకు, వైన్‌కు చేరే భాగం ఎక్కువ. పైగా వైన్ తోటలున్న నాసిక్ మనకు పరాయిది కాదు, అక్లూజ్ అయితే మన జిల్లాలోదే. ఇటలీకి చెందిన సెక్కీ సోదరులు, ఢిల్లీ సెఖ్రీ సోదరులు, అక్లూజ్ మోహితే పాటిల్ సోదరులు కలిసి పెట్టిన ఫ్రాటెల్లీ తోటలు పంఢర్‌పూర్ దాటి వెళ్తే వస్తాయి. మన నానజ్ వైపు సోనాకా ద్రాక్ష చూసి పెరిగినవాళ్లకి అక్కడి కాయ వింతగా ఉంటుంది. చిన్న కాయ, మందం తొక్క, లోపల గింజలు. తినడానికి పెద్దగా బాగోదు, కానీ ఎర్ర వైన్‌కి రంగూ వగరూ ఆ తొక్కలోంచే రావాలి. వీలైతే ఒక ఆదివారం ముందే ఫోన్ చేసుకుని వెళ్లి చూడండి. పుట్టిన చోట, వేడి తగలని వైన్ ఎలా ఉంటుందో ఒక్కసారి తెలిస్తే అదే మీకు కొలబద్ద.

ఇక ఇంటికి తెచ్చాక. ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలి అన్న మాట యూరప్ గదుల గురించి చెప్పింది, అక్కడి పాత ఇళ్లలో 16, 18 డిగ్రీలు. మన హాల్లో 34 డిగ్రీల్లో తాగితే ఎంత మంచి షిరాజ్ (ఒక ఎర్ర వైన్ రకం) అయినా స్పిరిట్ వాసన తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు పెట్టి తీయండి. తెల్ల వైన్ దీనికి తలకిందులు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే చలికి వాసన ముడుచుకుని ఉంటుంది, చవక వైన్ లోపాలు కూడా కనబడవు. పావుగంట బయట ఉంచి పోయండి. గ్లాసుకి ఖరీదు పెట్టక్కర్లేదు. రుచి చూసేవాళ్ల కోసం 1977లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఒక ప్రమాణం పెట్టింది: 215 మి.లీ. పట్టే, మూతి కాస్త ముడుచుకున్న గ్లాసు. ఆ ఆకారంలో మామూలు గాజు గ్లాసులు ఒకే రకంవి ఆరు కొనుక్కోండి. అడుగున రెండు వేళ్ల మందం పోసి, తిప్పి, ముక్కు లోపల పెట్టండి. స్టీలు గ్లాసులో వాసన నిలవదు.

కోర్సు అవసరం లేదు. లేబుల్ కనబడకుండా తాగడం మాత్రం చాలా అవసరం. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌నే రుచిలేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాని వాసన వర్ణించడానికి వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలే వాడారు. వాళ్ల పరిస్థితే అది అయితే పేరు, బొమ్మ, ధర మన మీద ఎంత పని చేస్తాయో ఆలోచించండి.

మా ఇంట్లో పద్ధతి సోలాపూర్ టవళ్లతో నడుస్తుంది. ఒకే రకం చేతి టవళ్లు సీసాలకు చుట్టి, మెడ దగ్గర రబ్బర్ బ్యాండ్ బిగించి, దానికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు. చుట్టే పని మా వదినది. ఆమె తాగదు, ఏ అంకె ఏ సీసానో ఆమె పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది. మూతలు తీసి లోపలే దాచేస్తుంది, ఎందుకంటే మూత చూసినా పేరు తెలిసిపోతుంది. నాలుగు సీసాల్లో ఒక వైన్‌ని రెండు అంకెల కింద పెట్టమని మాత్రం నేనే అడిగాను. ఒక రాత్రి మా బావ రెండో అంకె షెనిన్‌కి (ఒక తెల్ల వైన్ రకం) ఇరవైకి పదిహేను వేసి, "జామకాయ కోసినట్టుంది" అని రాశాడు. నాలుగో అంకెకి పదకొండు, "పుల్లగా, పల్చగా ఉంది". వదిన పుస్తకం తెరిస్తే రెండూ ఒకటే. మధ్యలో మూడో అంకె కింద తాగింది తీపి ఎక్కువున్న వైన్, దాని వెనక వచ్చినది ఏదైనా పుల్లగానే తోస్తుంది. ఆ రోజు నుంచి మా దగ్గర వరుస ఖాయమైంది: తీపి లేనివి ముందు, తీపివి చివర.

పెద్ద పోటీల్లోనూ ఇదే కథ. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే అమెరికా వైన్ తయారీదారు, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీ జడ్జీలకు ఒకే సీసాలోని వైన్‌ని తెలియకుండా మూడేసి సార్లు ఇప్పించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఒకే వైన్‌కి అదే జడ్జి వేసిన మార్కులు మామూలుగా నాలుగు పాయింట్లు అటూ ఇటూ ఊగాయి. నిలకడగా వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. అందుకే 100 పాయింట్ల లెక్క మనకు వద్దంటాను. 87కీ 89కీ తేడా మన నాలుక పట్టలేదు. 20కి వేయండి చాలు.

నా లెక్క చెప్తాను, మీరు మార్చుకోవచ్చు. వాసనకు ఆరు, నోట్లో పొందికకు ఎనిమిది, మింగాక ఎంతసేపు నిలిచిందో దానికి మూడు, మన భోజనంతో ఎలా కలిసిందో దానికి మూడు. ధరకు మార్కులు లేవు. ధర పక్కన రాసుకుని, టవల్ విప్పాక "మళ్లీ నా డబ్బుతో కొంటానా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అని మాత్రం రాస్తాను. అంకె కంటే ముందు మాటలు రాయాలన్నది ఒక్కటే నేను అందరి దగ్గరా పట్టుబట్టే నియమం. ముందు అంకె వేస్తే తర్వాత రాసే మాటలన్నీ ఆ అంకెను సమర్థించడానికే పోతాయి. తాగినవాళ్లు వైన్‌లకు రేటింగ్ ఇచ్చే వివినో యాప్‌లో నక్షత్రాలు చూడటం కూడా అన్నీ రాశాకే.

మాటలకు ఇంగ్లీషు పుస్తకాల్లోని గూస్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ మనకెందుకు? మనం వాసన చూసిన పళ్లే రాయండి. షెనిన్‌లో, సావిన్యోన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్‌లో జామకాయ, పచ్చిమామిడి, నిమ్మ తొక్క. కాబెర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్‌లో కోసిన క్యాప్సికమ్ వాసన తగిలితే అది ఊహ కాదు, రెంటిలోనూ ఉన్నది పైరజీన్ అనే ఒకే రకం పదార్థం. షిరాజ్‌లో మిరియాల ఘాటుకి కారణం రోటండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉన్నదే ద్రాక్ష తొక్కలోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకి అది అసలు అందదని కూడా వాళ్ల పరీక్షల్లోనే బయటపడింది. మీ పక్కవాళ్లు "మిరియాలు ఎక్కడ?" అంటే వాదనకు దిగకండి, నిజంగానే వాళ్లకి అందకపోవచ్చు.

నోట్లో మూడు సంగతులు చూడండి. పులుపు: మింగాక నాలుక పక్కల నీళ్లూరుతున్నాయా? వగరు: నేరేడు పండు తిన్నాక చిగుళ్లు పట్టేసినట్టు ఉందా, ఆ పట్టు మెత్తగా ఉందా గరుకుగా ఉందా? తీపి: ఇక్కడ జాగ్రత్త. చవక వైన్లలో కాస్త తీపి మిగిల్చి లోపాలు కప్పేయడం మామూలే. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. పండు వాసన వల్ల తీపి అనిపిస్తే ముక్కు మూయగానే అది పోతుంది, చక్కెర ఉంటే పోదు. లోపాలు కూడా పేరుపేరునా రాయాలి. తడిసిన అట్టపెట్టె వాసన అయితే బిరడా చెడింది. గోళ్లరంగు తుడిచే మందు వాసన అయితే వైన్ వెనిగర్ దారి పట్టింది. కోసి వదిలేసిన ఆపిల్ వాసన అయితే గాలి తగిలింది. కుళ్లిన గుడ్డు వాసన ఒక్కదానికే కాస్త సమయం ఇవ్వండి, గ్లాసులో పది నిమిషాలు తిప్పితే తరచుగా పోతుంది. లోపమున్న సీసాకు మార్కులు వేయకుండా, వీలైతే వేరే కొట్లో ఇంకోటి కొని చూడటం న్యాయం. నాలుగు వైన్లు చూసే రోజు మింగకుండా చెంబులోకి ఉమ్మేయండి, మొహమాటం వద్దు. నాలుగో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మత్తెక్కితే అంతా పదహారే అనిపిస్తుంది. రాత్రి బండి తీయాల్సినవాళ్లైతే మరీనూ.

భోజనం మార్కులు మాకు చాలా పెద్ద సంగతి, ఎందుకంటే మన ఇళ్లలో వైన్ ఒక్కటే కూర్చుని తాగరు, పక్కన ఏదో ఒకటి ఉంటుంది. శెంగా (వేరుశెనగ) చట్నీ, వెల్లుల్లి కారం, ఎండుకొబ్బరి మసాలా తునకల (మాంసం) కూర, పుంటికూర (గోంగూర), జొన్న రొట్టె. కారం మీద ఆల్కహాల్ పడితే మంట పెరుగుతుంది, వగరు ఇంకా గరుకుగా తేలుతుంది. అందుకే ఒంటరిగా పద్నాలుగు తెచ్చుకున్న కాబెర్నే శెంగా చట్నీ ముందు కూలబడుతుంది. కాస్త తీపి, మంచి పులుపు, తక్కువ ఆల్కహాల్ ఉన్న షెనిన్ దాని పక్కన లేచి నిలబడుతుంది. పుంటికూర పులుపుకి అంతకంటే పుల్లటి వైనే కావాలి, లేకపోతే వైన్ నీళ్లలా అయిపోతుంది. సావిన్యోన్ బ్లాంక్ ఆ పని బాగా చేస్తుంది. తునకల కూరకి షిరాజ్, అది కూడా చల్లబరిచి. ముందు వట్టిగా రుచి చూసి పదిహేడుకి వేయండి, తర్వాత రెండు ముద్దలు తిని మిగతా మూడు వేయండి.

మొదటి రాత్రికి ఏం కొనాలంటే నా సలహా ఇది. నాసిక్‌లోని సులా కంపెనీ 2000లో తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన వైన్లు షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్. ఆ రెండూ కొనండి, వాటి పక్కన ఫ్రాటెల్లీ షెనిన్. రెండు షెనిన్ల మధ్య తీపి తేడా, ఒకే కంపెనీ రెండు ద్రాక్షల మధ్య వాసన తేడా, రెండూ ఒకే రాత్రి తెలిసిపోతాయి. 375 మి.లీ. హాఫ్ సీసాలు దొరికితే అవే తీసుకోండి. ఎర్రవాటికి ఇంకో రాత్రి కేటాయించండి: ఒక షిరాజ్, ఒక కాబెర్నే, అక్లూజ్ ఫ్రాటెల్లీ వాళ్ల సాంజొవేజీ అనే ఎర్ర వైన్ బడ్జెట్‌లో దొరికితే అదీ. తెల్లవి ముందు ఎందుకంటే వెయ్యి లోపు మన తెల్ల వైన్లు ఎర్రవాటి కంటే బాగుంటాయి. చవక ఎర్ర వైన్లలో పచ్చి వగరు, దాన్ని కప్పే ఓక్ చెక్కల వాసన నాకు తరచుగా తగులుతాయి.

పోర్ట్ సంగతి. మన దగ్గర చవకగా దొరికే పోర్ట్‌కీ పోర్చుగల్‌లో డోరో లోయ పోర్ట్‌కీ పేరు తప్ప పెద్ద పోలిక లేదు. అక్కడిది పులుస్తున్న రసంలో ద్రాక్ష స్పిరిట్ కలిపి మధ్యలో ఆపేది, 20 శాతం దరిదాపుల్లో ఆల్కహాల్ ఉంటుంది. మనది తియ్యటి ఎర్ర వైన్. ఇంట్లోవాళ్లకి అది నచ్చితే తక్కువ చేసి మాట్లాడకండి, తీపి ఇష్టపడటం తప్పు కాదు. పోర్ట్‌లన్నీ ఒక రాత్రి టవళ్లు చుట్టి వాటిలో వాటికే పోటీ పెట్టండి. ఏది ఉత్త చక్కెర, ఏది నేరేడు, ఎండుద్రాక్ష వాసన ఇస్తోంది అన్నది వాళ్లే చెప్తారు. అక్కడి నుంచి కాస్త తీపి షెనిన్‌కి రావడం సులువు. నేరుగా కాబెర్నే చేతిలో పెడితే మొహం చిట్లించడం సహజం.

తెరిచిన సీసా ఎర్రదైనా తెల్లదైనా మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మూడు రోజులు తాగేలా ఉంటుంది. సగం కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి అంచుదాకా నింపి పెట్టండి, లోపల గాలి తగ్గుతుంది. రెండో రోజు మళ్లీ మార్కులు వేసి, తేదీ పక్కన మొదటి అంకె కిందే రాయండి. బాగా చేసిన షిరాజ్ రెండో రోజుకి ఒక మార్కు పెరగడం కూడా చూశాను. ఎండకు దెబ్బతిన్నది ఆ పాటికి చేదెక్కిపోతుంది, దాన్ని తునకల కూర నానబెట్టడానికి వాడేయండి.